కొత్త కేసులు లేవు

ప్లేటులో నాలుగు గుంటలు పసుపెక్కాయి.

డాక్టర్ ఇన్షిరాహ్ ఆ ప్లాస్టిక్ ప్లేటును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంది. మిగిలిన గుంటలన్నీ నీళ్ళలా తేటగా ఉన్నాయి. ఆ నాలుగు మాత్రం కామెర్లొచ్చిన కంటి రంగులో ఉన్నాయి.

"తద్రుస్ అన్నా, ప్లేటు సరిగ్గానే కడిగావా?"

"ఐదుసార్లు కడిగాను డాక్టరమ్మా. మా ఆవిడ పండక్కి గిన్నెలు కూడా అంత శ్రద్ధగా తోమదు," అన్నాడు తద్రుస్. ఆ ల్యాబు తెరిచిన నాటి నుంచీ అతనే టెక్నీషియన్. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి తనూ వంగి చూశాడు. చూసి, మళ్ళీ సరిచూడడానికి రెండో కంపెనీ కిట్టు తీసి బల్ల మీద పెట్టాడు. తను అడక్కముందే తీశాడంటే అతనికీ అర్థమైందన్నమాట.

శాంపిళ్ళు బహ్గత్ డయాలసిస్ సెంటర్ నుంచి వచ్చినవి. కిడ్నీలు పోయి, రోజు విడిచి రోజు అక్కడి కుర్చీల్లో చేరి యంత్రం చేత రక్తం కడిగించుకునేవాళ్ళవి. వాళ్ళ రక్తంలో కాలేయాన్ని తినేసే సి వైరస్ ఉందో లేదో నెలనెలా చూడాలి. ఉంటే గుంట పసుపెక్కుతుంది. పోయిన నెల ఈ నలుగురికీ లేదు.

ఇన్షిరాహ్ ఫ్రీజరు తెరిచి పోయిన నెల వాళ్ళ రక్తం నుంచి దాచిన సీరం తీసింది. వేలెడంత చిన్న గొట్టాలు, మంచు పట్టి ఉన్నాయి. వాటిని అరచేతిలో పెట్టుకుని, పిడికిలి బిగించి, కరిగేదాకా అలాగే నిలబడింది. ఆనక పాతవీ కొత్తవీ పక్కపక్క గుంటల్లో పోసి మళ్ళీ మొదటి నుంచి పరీక్ష చేసింది. పాతవి తేటగా ఉన్నాయి. కొత్తవి పసుపెక్కాయి.

గొట్టాల మీద నర్సు ఇబ్తిహాల్ గుండ్రటి చేతిరాత. శెహాతా అబ్దుల్ గవాద్. కౌసర్ అల్-బన్నా. ఇంకో ఇద్దరు. ఆ పేర్లు ఏళ్ళుగా చదువుతోంది కానీ వాటి వెనక ముఖాలు ఇన్షిరాహ్ ఎన్నడూ చూడలేదు. ల్యాబుకి మనుషులు రారు, గొట్టాలొస్తాయి.

నలుగురూ పొద్దుటి వరసవాళ్ళే. ఒకే గది, ఒకే వరస కుర్చీలు. ఇలాంటిది కంటపడితే ఒక్క రోజులోగా ఆరోగ్య శాఖకు తెలియజేయాలని చట్టం. ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయినా ముందు వైద్యం చేసే డాక్టరుకు ఒక మాట చెప్పడం మర్యాద కదా అనుకుని ఆమె ఫోన్ తీసింది.

"ఇన్షిరాహ్! చెల్లెమ్మా!" అన్నాడు అవతల డాక్టర్ బహ్గత్. వైద్య కళాశాలలో చదివే రోజుల నుంచీ ఆ పిలుపు చెవిన పడితే ఆమెకు ఒళ్ళు జలదరిస్తుంది. ఆమె చెప్పింది విన్నాడు. "కాగితం మీద పెట్టకు. నేనే వస్తున్నా," అన్నాడు.

*

చేతిలో మిఠాయి పెట్టెతో, ఒళ్ళంతా అత్తరు వాసనతో వచ్చాడు బహ్గత్. నెయ్యి కారే బస్బూసా పెట్టె. తెచ్చి తిన్నగా రక్తం గొట్టాల పక్కనే పెట్టబోయాడు. ఇన్షిరాహ్ చెయ్యి అడ్డు పెట్టింది.

"అక్కడ కాదు. అది పరీక్షల బల్ల."

"అబ్బో, ఇంకా అలాగే ఉన్నావు," అని నవ్వి, పెట్టె ఒళ్ళో పెట్టుకుని విప్పాడు. ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. "ఎంతమంది?"

"నలుగురు."

"పాతవే అయ్యుంటాయిలే. మన ఊళ్ళో ఆ వైరస్ చూడని కాలేయం ఏదీ?"

"పోయిన నెల లేదు. దాచిన సీరం కూడా మళ్ళీ చూశాను."

"ఎందుకు చూశావు?"

ఆ ప్రశ్న అతని నోట్లోంచి జారిపోయింది. జారిన సంగతి అతనికీ తెలిసింది. చూపుడువేలి మీది పాకం నాలుకతో తుడుచుకుని, ఆ తడి వేలితోనే ప్లేటు వైపు చూపించాడు.

"పంటి డాక్టరు దగ్గర అంటించుకునుంటారు. మంగలి దగ్గర కావచ్చు. బయట ఎన్ని లేవు?"

"నలుగురూ కలిసి ఒకే నెలలో ఒకే పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళారంటావా? అందులో ఇద్దరు ఆడవాళ్ళు. మంగలి దగ్గరికెందుకు పోతారు బహ్గత్?"

"సరే, వచ్చిందే అనుకో. ఇప్పుడు మాత్రలున్నాయి. మూడు నెలలు మింగితే పోతుంది. జలుబుతో సమానమైపోయింది చెల్లెమ్మా."

"అయితే నువ్వూ ఒక సూది వేయించుకో. జలుబే కదా."

అతను నవ్వలేదు. మరో ముక్క తీసుకున్నాడు. అతను నములుతుంటే దవడ దగ్గర కండ కదలడం, పెదవి మూల పాకం మెరవడం చూస్తూ కూర్చుంది ఇన్షిరాహ్.

"ఒక్క పని చెయ్యి. రేపు నలుగురి రక్తం మళ్ళీ తీయించి పంపిస్తా. అప్పుడూ వస్తే నువ్వు రాసెయ్, పక్కన నేనూ సంతకం పెడతా. వాళ్ళ కోసమే చెప్తున్నా. ఈ రోగం పేరు బయటికొస్తే ఆ కౌసర్ టీచరుద్యోగం ఉంటుందా? పిల్లల్ని పంపిస్తారా ఎవరైనా?"

ఆ చివరి మాట ఆమెకు తగిలింది. కైరోలోని పెద్ద ల్యాబుకు అప్పటికే శాంపిళ్ళు పంపింది, ఖాయం చేసే పరీక్ష కోసం. ఒక్క రోజు ఆగితే మునిగిపోయేదేముంది అనుకుంది. అలా అనుకున్న మరుక్షణమే, అతని జిడ్డు చెయ్యి తన చెయ్యి పట్టుకున్నట్టు అనిపించి, విదిలించుకున్నట్టు లేచి నిలబడింది.

"రేపు పొద్దున్నే పంపు. అంతకు మించి ఆగను."

పెట్టె అక్కడే వదిలేసి వెళ్ళాడు. తద్రుస్ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని కింద మందుల షాపు కుర్రాళ్ళకు ఇచ్చొచ్చాడు.

*

మర్నాడు గొట్టాలు వేళకు ముందే వచ్చాయి. పరీక్ష చేస్తే నాలుగూ తేటగా ఉన్నాయి.

"దేవుడు మేలు చేశాడు," అని తద్రుస్ ఊపిరి పీల్చుకున్నాడు.

ఇన్షిరాహ్ మాత్రం గొట్టాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ చూస్తోంది. అడుగున పేరుకున్న ఎరుపు దట్టంగా, నిండుగా ఉంది. కిడ్నీలు పోయిన మనిషి రక్తం అలా ఉండదు, పలచగా వెలిసిపోయి ఉంటుంది. ఏళ్ళుగా ఆ పలచని ఎరుపు చూసిన కళ్ళు ఆమెవి.

"వీటికి క్రియాటినిన్ కూడా చూడు అన్నా."

క్రియాటినిన్ అంటే కిడ్నీలు బయటికి తోసెయ్యాల్సిన చెత్త. డయాలసిస్ మీదున్నవాళ్ళ రక్తంలో అది మామూలు మనిషికి పదింతలుంటుంది. తద్రుస్ యంత్రంలోంచి వచ్చిన కాగితం చూశాడు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"డాక్టరమ్మా! వీళ్ళ కిడ్నీలు రాత్రికి రాత్రే బాగుపడిపోయాయి. పసిపిల్లల కిడ్నీల్లా ఉన్నాయి. మీ బహ్గత్ గారు ఔలియా అయిపోయాడు. మీరు దర్గా కట్టిస్తానంటే మా చర్చి తరఫున నేనూ ఒక కొవ్వొత్తి ఇస్తా."

ఆమె నవ్వలేదు. నాలుగు గొట్టాల్లోనూ అంకెలు ఒక్కటే. రక్తం గ్రూపు ఒక్కటే. నాలుగు పేర్లు, మనిషి మాత్రం ఒక్కరే.

సెంటరుకు ఫోన్ చేసి ఇబ్తిహాల్‌ని ఫోన్ దగ్గరికి పిలిపించింది.

"ఎవరి రక్తమమ్మా ఇది?"

"నన్నేమీ అడక్కండి డాక్టరమ్మా. మీకు పుణ్యముంటుంది."

"అడుగుతున్నాను. చెప్పు."

అవతల తలుపు మూసిన చప్పుడు. ఆ తర్వాత గొంతు తగ్గించి చెప్పింది ఇబ్తిహాల్. "నాదే. కుర్చీలో కూర్చోబెట్టి ఆయనే తీశాడు. పేర్లు నాచేతే రాయించాడు. నేనేం చెయ్యను? ఆ వరస మొత్తానికి నేనొక్కదాన్నే. ఒకరికి సూది తియ్యాలి, ఇంకొకరి యంత్రం కూస్తుంటుంది, మరొకరికి కళ్ళు తిరుగుతుంటాయి. గ్లోవ్స్ మార్చే తీరిక లేదు. మార్చినా 'గ్లోవ్స్ తింటున్నావా' అంటాడు. రక్తం గడ్డ కట్టకుండా వేసే మందు, వరస మొత్తానికి ఒకటే సీసా. అందులోకి ఎన్ని సూదులు దిగుతాయో దేవుడికే తెలియాలి." ఉన్నట్టుండి గొంతు మారింది. "ఆఁ, ఆఁ, అంకుల్, రేపు రమ్మంటారు," అని ఫోన్ పెట్టేసింది. ఎవరో వచ్చినట్టున్నారు.

ఇన్షిరాహ్ సింకు దగ్గరికెళ్ళి మోచేతుల దాకా సబ్బు రాసి కడుక్కుంది. ఆ నాలుగు గొట్టాలనూ తను చేతులతో పట్టుకుంది. అబద్ధం అంత వెచ్చగా, అంత ఎర్రగా ఉంటుందని అనుకోలేదు. వచ్చి కూర్చుని, ఆరోగ్య శాఖకు పంపాల్సిన నివేదిక రాసింది. రక్తం మార్చి పంపిన సంగతి కూడా అందులోనే రాసి సంతకం పెట్టింది. తద్రుస్‌తో పంపకుండా తనే తీసుకుని బయల్దేరింది.

*

జిల్లా ఆరోగ్య కార్యాలయం గుమ్మం మీద ఎండకు వెలిసిన గుడ్డ బ్యానరు వేలాడుతోంది. 'సి వైరస్ లేని జిల్లా మనది' అని దాని మీద రాసుంది. ఒక మూల ఊడిపోయి గాలికి తలుపును కొడుతోంది.

వ్యాధి నిరోధక విభాగం అధికారి డాక్టర్ వగ్దీ ఫలహారం చేస్తున్నాడు. రొట్టెలో కుక్కిన తామియా వడలు, పక్కన కాగితం పొట్లంలో ఊరగాయ. ఆమెను కూర్చోమని గడ్డంతో సైగ చేశాడు. నివేదిక అందుకుని పై నాలుగు వరసలు చదివాడు. చదివి, బల్ల మీద పెట్టి, దాని మీద రొట్టె పెట్టాడు.

"ఫోన్ చేస్తే సరిపోయేది కదా డాక్టరమ్మా."

"చట్టం రాసిమ్మంటుంది."

"చట్టానికేం, ఎన్నైనా అంటుంది. నేనిది తీసుకున్నాననుకోండి, వచ్చిందన్నట్టు. వచ్చిందంటే పైకి పంపాలి. పంపితే పైవాళ్ళు అడుగుతారు, 'ఏమయ్యా వగ్దీ, రెండేళ్ళ నుంచి కొత్త కేసులు లేవని పంపిస్తున్నావు, ఇవెక్కడివి?' అని. పాతిపెట్టిన శవాన్ని మీరు తవ్వి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. వాసనొస్తుందా లేదా?"

"వాసన ముందు నుంచీ ఉంది. మీరు ముక్కు మూసుకున్నారు."

వగ్దీ మెల్లగా నములుతూ ఆమె వైపు చూశాడు. రొట్టె కింద నూనె మరక పెద్దదవుతోంది. మొదటి పేరు తడిసింది, రెండో పేరు తడిసింది.

"రొట్టె తియ్యండి. అవి మనుషుల పేర్లు," అంది ఇన్షిరాహ్.

అతను తీశాడు. కాగితాన్ని ప్యాంటుకు తుడిచాడు. అతనిలో సిగ్గేమీ లేదు, కోపం కూడా లేదు. అదే ఆమెకు అసహ్యమనిపించింది. కోపం వచ్చే మనిషితో పోట్లాడొచ్చు. ఈ మనిషి జిగురులా ఉన్నాడు, ఎక్కడ ముట్టుకున్నా అంటుకుంటాడు.

"ముద్ర వేసిచ్చేదాకా నేనిక్కడి నుంచి కదలను," అంది.

"కూర్చోండి, కుర్చీ మీదే అనుకోండి," అని అతను టీ తెప్పించుకున్నాడు. ఆమెకూ తెప్పించాడు. ఆమె టీ మీద మీగడ కట్టి చల్లారింది. లోపలికొచ్చిన వాళ్ళందరూ ఆమెను చూసి, ఏమిటన్నట్టు వగ్దీ వైపు చూడడం మొదలుపెట్టారు. చివరికి అతనే విసుగెత్తి గుమస్తాను పిలిచాడు. ఆ నూనె కాగితం మీద ముద్ర పడింది.

"తనిఖీ చేయిస్తానులెండి," అన్నాడు వగ్దీ, గుమ్మం దాకా సాగనంపుతూ.

"చేయించండి. నేనొచ్చిందే అందుకు."

అప్పుడు నవ్వాడతను, మొదటిసారి.

*

తనిఖీ వచ్చింది, ఆమె ల్యాబుకే.

ముగ్గురొచ్చారు. మాస్కులు, టోపీలు, చేతులకు కొత్త గ్లోవ్స్. చెత్తడబ్బా తొక్కి చూసి గ్లోవ్స్ మార్చుకున్నారు. సింకు కింద చూసి మళ్ళీ మార్చుకున్నారు. వాళ్ళు విప్పి పారేసిన గ్లోవ్స్ కుప్పను ఇన్షిరాహ్ చూసింది. ఆ కుప్ప బహ్గత్ సెంటరులో ఉంటే ఇవాళ ఇదంతా ఎందుకు?

కాలితో తొక్కితే డబ్బా మూత పూర్తిగా మూసుకోవడం లేదని తేలింది. లైసెన్సు పటం గుమ్మానికి ఎదురుగా కాక పక్కగోడకు ఉంది. సరిచేసేదాకా ల్యాబు మూత. తలుపు గొళ్ళేనికి తీగ చుట్టి ఎర్ర లక్క కరిగించి పోశారు.

"డబ్బాకి మూత పడలేదని మన కొట్టుకి మూత వేశారు," అన్నాడు తద్రుస్ మెట్ల మీద కూలబడి. లోపలుంటే చెడిపోతాయని బయటికి తెచ్చుకున్న కిట్ల పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాడు. ఐసు ముక్కలు కరిగి అతని ప్యాంటు తడుస్తోంది.

అదే సమయానికి కైరో నుంచి ఫోన్‌కు ఫలితం వచ్చింది. నలుగురి రక్తంలోనూ వైరస్ ఉంది, బతికి ఉంది. ఇన్షిరాహ్ దాన్ని చదువుతుండగా కింద మెట్ల దగ్గర ఎవరో ఆయాసపడుతున్న చప్పుడైంది.

ఒక ముసలాయన కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాడు. మెట్టుకోసారి ఆగుతున్నాడు. ముఖం ఉబ్బి కళ్ళు సన్నని గీతలైపోయాయి. ఎన్ని స్నానాలకూ పోని చేపల వాసన, పాదాల దాకా ఉన్న గలాబియ్యా చొక్కా అంతా.

"ల్యాబు డాక్టరమ్మవి నువ్వేనా?"

"నేనే. కూర్చోండి బాబాయ్."

"కూర్చోడానికి రాలేదు," అంటూనే మెట్టు మీద కూలబడ్డాడు. ఊపిరి అందేదాకా వేలు ఎత్తి ఆగమన్నాడు. "ఎవరో నలుగురు దౌర్భాగ్యులకి ఏదో అంటిందట. నువ్వు కక్ష కట్టి ఆఫీసుకి రాశావట. బాగుచేస్తున్నాం అని బోర్డు పెట్టి సెంటరు మూసేశారు. ఆ నర్సు పిల్లని తరిమేశారు. నిన్న నా వంతు. పెద్దాసుపత్రికి పోతే కుర్చీ ఖాళీ లేదు పొమ్మన్నారు. చూడు!"

గలాబియ్యా అంచు ఎత్తి మోకాలి కింద బొటనవేలితో నొక్కాడు. వేలు తీశాక కూడా ఆ గుంట అలాగే నిలిచిపోయింది, తడి మట్టిలో అడుగు పడ్డట్టు.

"నీళ్ళు. ఇవన్నీ నాలో ఉన్న నీళ్ళు. ఇంకో రెండ్రోజులైతే గుండెలోకెక్కుతాయి. ఆ వైరస్సో ఏదో, అది మనిషిని చంపడానికి ఇరవయ్యేళ్ళు పడుతుందట, డాక్టర్ బహ్గతే చెప్పాడు. నాకు ఇరవయ్యేళ్ళు ఎవడిచ్చాడు? వాళ్ళ నలుగురి కోసం మా అందరి పీక పిసికే హక్కు నీకెవరిచ్చారు?"

"మీ పేరేంటి బాబాయ్?"

"నా పేరెందుకు, అది కూడా ఆఫీసుకి రాస్తావా? రాసుకో. శెహాతా. ఉప్పుచేపల శెహాతా అంటే సంతలో ఎవడైనా చెప్తాడు. ఊరంతటికీ ఫిసీఖ్ ఊరబెట్టి అమ్ముతా, ఉప్పు తగలకూడదని నేను మాత్రం నాకలేను."

తద్రుస్ పెట్టె సర్దడం ఆపేశాడు. శెహాతా అబ్దుల్ గవాద్. గొట్టం మీది గుండ్రటి రాత ఇన్షిరాహ్ కళ్ళ ముందు కదిలింది. అప్పుడు తట్టింది ఆమెకు. తను బహ్గత్‌కు చెప్పింది. కైరోకు రాసింది. వగ్దీ ముందు కుర్చీ పట్టుకుని కూర్చుంది. వీళ్ళలో ఒక్కరూ ఈయనకు చెప్పలేదు. తనూ చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదు.

ఆయన కంటే కింది మెట్టు మీద కూర్చుంది.

"ఆ నలుగురిలో మీరొకరు బాబాయ్."

శెహాతా ఆమె ముఖంలోకి చూశాడు, హాస్యమాడుతోందేమో అన్నట్టు. కాలి మీది గుంట ఇంకా పూడలేదు.

"నాకా?"

"అవును. సెంటరులోనే అంటింది."

తన అరచేతులు చూసుకున్నాడు. వాటినిండా కత్తి గాట్లు, ఉప్పు కోసిన పగుళ్ళు. "చేపలు కోసేటప్పుడు తెగుతుంటాయి," అన్నాడు. గొంతులో కోపం లేదిప్పుడు. "మా ఆవిడే తుడిచి కట్టు కడుతుంది. ఒట్టి చేతులతో. మొన్న కూడా కట్టింది." ఆగాడు. "నీకెప్పటి నుంచి తెలుసు?"

"ఆదివారం నుంచి."

"ఇవాళ బుధవారం." తల ఊపాడు. "ఊరంతటికీ చెప్పావన్నమాట. నా దగ్గర చేపల కుండ చెడిందని తెలిస్తే, నేను ముందు పరిగెత్తేది తీసుకెళ్ళినవాడి ఇంటికమ్మా. 'తినకండి' అని తలుపు కొడతాను. ఆఫీసుకి పోను."

పాకం నాకిన వేలు, రొట్టె కింది నూనె మరక, ఈ ఎర్ర లక్క, వీటన్నిటి మీదా మూడు రోజులుగా ఆమెకు పుట్టిన రోత ఒక్కసారిగా వెనక్కి తిరిగి ఆమె మీదే పడింది. తను చేయాల్సిందంతా చేశానని, శుభ్రంగా ఉన్నానని అనుకుంటోంది ఇంతదాకా.

"ఎక్కడికీ వెళ్ళకండి," అని లేచింది. పక్క పట్నంలో ఆసుపత్రి నడిపే శిష్యుడొకడు గుర్తొచ్చాడు. బతిమాలింది, చివరికి గద్దించింది. ఒక కుర్చీ దొరికింది. శెహాతాను తద్రుస్ చేతికి అప్పగించి టాక్సీ ఎక్కించింది. తను మాత్రం మిగిలిన ముగ్గురి ఇళ్ళు వెతుక్కుంటూ వెళ్ళింది.

ఒక ఇంట్లో మొగుడు తలుపు సందులోంచే విని, "మెల్లగా మాట్లాడండి, పక్కింటివాళ్ళు వింటారు," అని తలుపు వేసేశాడు. ఇంకో ఇంట్లో ఆ మనిషి నవ్వి, దేవుడిచ్చింది దేవుడే తీసుకుంటాడన్నాడు. కౌసర్ బడిలో పిల్లల పుస్తకాలు దిద్దుతోంది. ఉబ్బిన వేళ్ళతో ఎర్ర కలం పట్టుకుని, తలెత్తకుండా అంతా విని, "మా అమ్మాయి నా దువ్వెన వాడుతుంది. దువ్వెనతో వస్తుందా?" అంది. రాదని చెప్పింది ఇన్షిరాహ్. దేనితో వస్తుందో, దేనితో రాదో, మాత్రలు ఎక్కడిస్తారో పూర్తిగా చెప్పి లేచింది. కౌసర్ గుమ్మం దాకా వచ్చి, "మీరెప్పుడూ మమ్మల్ని చూడలేదు కదూ?" అని అడిగింది.

*

సెంటరు మర్నాడే తెరిచారు. పెద్దాసుపత్రి ముందు రోగుల చుట్టాలు గొడవకు దిగడంతో వగ్దీ స్వయంగా వచ్చి తెరిపించాడు. రమ్మని శెహాతా కబురు చేస్తే ఇన్షిరాహ్ వెళ్ళింది.

గదిలో వరసగా కుర్చీలు, కుర్చీకో యంత్రం. అందరి ముఖాలూ ఉబ్బి పాలిపోయి ఉన్నాయి. ముందు రోజు పక్క పట్నంలో రక్తం కడిగించుకున్న శెహాతా ఒక్కడే కాస్త తేటగా ఉన్నాడు. ఇవాళ తనకు అవసరం లేకపోయినా పొద్దున్నే వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. కాళ్ళ మీద దుప్పటి కప్పుకున్నాడు.

ఆమెను చూడగానే బహ్గత్ ఎదురొచ్చాడు. "చెల్లెమ్మా, ఇది రోగుల గది. బయటివాళ్ళు రాకూడదు."

"నా కోసం వచ్చింది," అన్నాడు శెహాతా కుర్చీలోంచి. "మా చుట్టం."

బహ్గత్ పక్కనే ఉన్న వగ్దీ గొంతు సవరించుకున్నాడు. "మీరెవరూ భయపడాల్సిన పని లేదు. మేం అన్నీ చూశాం. ఎవరో నర్సు చేసిన పొరపాటు, ఆమెను పంపించేశారు. ఉన్నవి పాత కేసులే. కొత్త కేసులు లేవు. వదంతులు నమ్మకండి."

కొత్త నర్సు అప్పటికే మొదటి కుర్చీలో ఉన్నాయన చేతికి సూది గుచ్చి పట్టీ వేస్తోంది. వేసి, అవే గ్లోవ్స్‌తో ట్రేలోని సీసా అందుకుని పక్క కుర్చీ వైపు తిరిగింది. ఆ కుర్చీ శెహాతాది.

శెహాతా చెయ్యి దుప్పటి కిందికి లాక్కున్నాడు.

"నాకొద్దమ్మా. నాది నిన్న అయింది. ఒక మాట చెప్పి పోదామని వచ్చా." వరస వైపు తిరిగాడు. "ఆ నలుగురిలో నేనొకణ్ని. సి వైరస్ నాకుంది. పాతది కాదు, పోయిన నెల లేదు. ఈ కుర్చీలో అంటింది."

ఆ ఊళ్ళో ఆ రోగం పేరు పెళ్ళానికి కూడా చెవిలో చెప్తారు. ఇలా పదిమందిలో, పెద్దగా ఎవరూ ఎన్నడూ చెప్పుకోలేదు.

"శెహాతా, నీకు ఒంట్లో బాలేదు," అన్నాడు బహ్గత్.

"బాలేకే కదా నీ దగ్గరికొచ్చింది." శెహాతా అతని వైపు చూశాడు. "ఆ పిల్లని వెళ్ళగొట్టి చేతులు కడుక్కున్నావు డాక్టరూ. ఆ కడుక్కునేదేదో మాకు సూది గుచ్చేముందు కడుక్కుంటే పోయేది." వరసతో అన్నాడు మళ్ళీ, "నేనాగగలను. మీరు ఆగలేరు, నాకు తెలుసు. మీ ఇష్టం."

నర్సు మూడో కుర్చీ దగ్గర నిలబడిపోయింది. అక్కడ కౌసర్ ఉంది. ఒక వంతు తప్పిపోయి ఆమె పెదవులు నీలి రంగుకు తిరిగాయి. చాచి ఉన్న చేతిని మెల్లగా వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"గ్లోవ్స్ మార్చు. కొత్త సీసా నా ఎదురుగా విప్పు," అంది.

"టీచరమ్మా, ఆలస్యమైతే మీకే..."

"మార్చు."

ఆ తర్వాతి కుర్చీలో చెయ్యి కూడా దుప్పటి కిందికి పోయింది. దాని పక్కది కూడా. దేవుడిచ్చిందన్న మనిషి ఒక్క క్షణం అటూ ఇటూ చూసి తనూ చెయ్యి చొక్కాలో దాచుకున్నాడు. రక్తం అందని యంత్రాలు ఒకదాని తర్వాత ఒకటి కూతపెట్టడం మొదలుపెట్టాయి. వగ్దీ తన సంచీ తీసుకుని, మీటింగు ఉందని ఎవరికో చెప్తున్నట్టు గోడకు చెప్పి గుమ్మం వైపు కదిలాడు. గుమ్మంలో రోగుల చుట్టాలు నిలబడి ఉన్నారు. వాళ్ళు దారివ్వలేదు.

బీరువాలోంచి గ్లోవ్స్ పెట్టెలు బయటికొచ్చాయి. ఒకటి కాదు, చాలా ఉన్నాయి. ఇన్నాళ్ళూ అక్కడే ఉన్నాయి.

నర్సు ఒక్కతే అంతమందికి చాలదు. బహ్గత్ కోటు విప్పి, చొక్కా చేతులు మడుచుకున్నాడు. అందరి వైపూ చూసి, ఇదంతా తమాషా అన్నట్టు నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. సింకు దగ్గరికెళ్ళి కొళాయి తిప్పి, చేతులు తడిపి, తువ్వాలు అందుకోబోయాడు.

"సబ్బు," అన్నాడు శెహాతా.

బహ్గత్ సబ్బు తీసుకున్నాడు. వరస మొత్తం అతని చేతుల వైపే చూస్తోంది. ఇన్షిరాహ్ వెళ్ళి కౌసర్ పక్కన నిలబడి నాడి పట్టుకుంది. కొట్టుకోవడం వేగంగా ఉంది, కానీ తప్పడం లేదు.

"వేళ్ళ మధ్య కూడా," అంది కౌసర్, బడిలో పిల్లలకు చెప్పే గొంతుతో.